అత్తమ్మ మానకుండా ఇచ్చిన గోలీ

2006 వేసవిలో పేగుపూతతో, రక్తవిరేచనాలతో లేవలేకుండా ఉన్నాను. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. హైదరాబాద్ డాక్టరు రోగనిరోధక శక్తిని తగ్గించే గోలీలు రాసి, ఒక్కపూట కూడా మానొద్దన్నాడు. ఆ మాటను మా అత్తమ్మ గట్టిగా పట్టుకుంది.

కొన్ని వారాలకు పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పాకింది. నీళ్లు తాగినా వాంతే. "బొడ్డు జరిగినట్టుంది," అంటూ అత్తమ్మ నా బొడ్డు మీద దీపం పెట్టి చెంబు బోర్లించింది. చెంబు పొట్టను పట్టుకుంది గాని నొప్పి వదల్లేదు. గోలీ కక్కేస్తే ఇంకోటి చేతిలో పెట్టింది.

"జర ఓపిక చేసుకొని మింగు బిడ్డా. మానొద్దన్నడు గద."

వద్దనే ఓపిక కూడా లేక మింగాను.

చివరికి జీపులో దవాఖానకు తీసుకెళ్లారు. క్లోమం వాచిందని, ఆ గోలీలు పడకే ఇలా అయిందని చెప్పి అక్కడి డాక్టరు వాటిని ఆపేశాడు.

"నేనే గద సారూ మింగిచ్చింది," అంది అత్తమ్మ.

"మీ తప్పేం లేదమ్మా," అన్నాడాయన. ఆమె విన్నట్టు లేదు.

నొప్పి తగ్గింది. గోలీలు ఆపడంతో పేగుపూత మళ్లీ ఎక్కువైంది, డాక్టరు ఇంకో మందు రాశాడు. ఇప్పటికీ జ్వరం గోలీ ఇవ్వాల్సి వచ్చినా అత్తమ్మ నా చేతిలో పెట్టదు. తన అరచేతిలో పట్టుకుని నిలబడుతుంది. నేనే తీసుకుని మింగుతాను.