నీళ్ళ వరసను నేను ముగ్గులా సర్దిన పొద్దు

అనంతపురంలో నీళ్ళ ట్యాంకరును వీధి మొదటి దాకా రప్పించి, ఒక్క బిందె కూడా నిండకుండా వెనక్కి పంపబోయిన మనిషి మీకు ఇంతవరకూ తారసపడలేదా? ఇదుగో, ఇప్పుడు తారసపడింది. ఆ మహానుభావురాలిని నేనే. అదీ ఏ కోపంతోనో పగతోనో కాదు, అందం కోసం. వింటే మీకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఆ రోజుల నా మొహం గుర్తొస్తే ఇప్పటికీ రెండు తగిలించాలనిపిస్తుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. డిగ్రీ అయిపోయింది. ఎవరడిగినా ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పేదాన్ని. నిజానికి నేను వెతుకుతున్నది 'క్షణాలు'. కొత్త ఫోను చేతిలో పట్టుకుని మా ఊరి వీధుల్లో చిన్న చిన్న ఆశ్చర్యాల కోసం తిరిగేదాన్ని. గడియార స్తంభం దగ్గర ఏటీఎం తలుపు ముందు వంతు కోసం నిలబడినట్టు నిలబడ్డ మేక, ఒక కన్ను తెరిచి నిద్రపోతున్న సీతాఫలాల అవ్వ, ఎండలో ఒంటరిగా ఆరుతున్న మంగలి కుర్చీ. ఇవన్నీ ఫోటోలు తీసి, కింద 'నిరీక్షణకు నీడ లేదు' లాంటి వాక్యాలు రాసి నా పేజీలో పెట్టేదాన్ని. ఆ వాక్యాలకు అర్థమేమిటని అడగకండి. రాసేటప్పుడు నాకూ తెలియదు. ఆ పేజీని చూసేది ముప్పై మంది, అందులో ఇరవై మంది మా చుట్టాలు.

ఊరంతా చూసేశానని నా పొగరు. మా ఇంట్లోకి నీళ్ళెలా వస్తాయో మాత్రం చూడలేదు. మేము ఆ వీధికి వచ్చి రెండు నెలలయింది. అంతకు ముందున్న ఇంట్లో బోరు ఉండేది. ఇక్కడ నీళ్ళ బాధ్యత మొత్తం మా నాయనది. నేను లేచేసరికి తొట్టి నిండి ఉండేది కాబట్టి నీళ్ళు తొట్టిలోనే పుడతాయన్నంత నిశ్చింతగా ఉండేదాన్ని.

మా నాయన బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళపాటు జనాన్ని వరసలో నిలబెట్టిన మనిషి. వీధిలో అందరూ ఆయన్ని 'కంట్రోలర్ సార్' అనేవాళ్ళు. ఎవరైనా కాస్త ముందుకు తోసుకొస్తే చాలు, "వరస అంటే వరసప్పా! దేవుడొచ్చినా వరసలోనే రావల్ల" అని గర్జించేవాడు. ఆయన ఉంటే నీళ్ళ దగ్గర గొడవలుండవని వీధి నమ్మకం.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు, ఎన్నడూ లేనిది, మెలకువ వచ్చింది. లేత ఎండ ఫోటో కోసం మిద్దె మీదికి ఎక్కాను. కింద వీధి పక్కన ఒక విచిత్రం కనబడింది. అడుగు మాడిన పెనం, సగం ఇటుక, ఒంటి హవాయి చెప్పు, కుక్కరు మూత, తల లేని బొమ్మ, సైకిల్ సీటు, చిరిగిన గొడుగు, ఇంకా ఏవేవో. మొత్తం పందొమ్మిది పనికిరాని వస్తువులు, వంకర టింకరగా ఒకదాని వెనక ఒకటి. చుట్టూ మనిషన్నవాడు లేడు.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. కరువు సీమలో పుట్టిన ఏ పసిపిల్లకైనా అర్థమవుతుంది. నాకు కాలేదు. బిందెలు వరసగా పెడితే గుర్తుపట్టేదాన్నేమో. కానీ ఆ వీధిలో బిందెలు పెడితే మాయమవుతున్నాయని, ఎవరూ ఎత్తుకుపోని పాత సామాను పెట్టడం అలవాటు చేసుకున్నారు. ఇంటికొక గుర్తు. ట్యాంకరు నాలుగు రోజులకొకసారి ఎనిమిదింటికి వస్తుంది. ఎవరి గుర్తు ముందుంటే వాళ్ళకు ముందు నీళ్ళు. పదిహేను ఇళ్ళకు అయ్యేసరికి ట్యాంకరు ఖాళీ. ఆ తర్వాతివాళ్ళు మళ్ళీ నాలుగు రోజులు ఆగాల్సిందే.

మిద్దె మీంచి ఒక ఫోటో తీశాను. నచ్చలేదు. పిట్టగోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, మంచి వాక్యం కోసం ఆలోచించాను. ఎండ కాస్త ఎక్కిందని ఇంకోటి తీశాను. అదీ నచ్చలేదు. లోపం వెలుతురులో కాదు, వస్తువుల్లో ఉందనిపించింది. కిందికి దిగాను. పెద్ద కళాకారిణిని కదా, చెత్తకు కూడా ఒక రూపం ఇవ్వాలి కదా! వాటన్నిటినీ ఎత్తి, రోడ్డు పక్కన గుండ్రంగా ముగ్గులా పేర్చాను. నల్లగా గుండ్రంగా ఉన్న పెనాన్ని నట్టనడుమ పెట్టాను. అంతటితో ఆగినా బాగుండేది. ఎదురింటి గోడ మీంచి నాలుగు ఎర్రటి కాగితం పూలు తెంపి పెనంలో వేశాను. ఫోటో తీసుకుని, 'విస్మృతుల వలయం' అని పేరు పెట్టి, ఇంట్లోకెళ్ళి కాఫీ తాగుతూ కూర్చున్నాను.

ఎనిమిదింటికి ట్యాంకరు హారను వినబడింది. ఆ వెంటనే బిందెల చప్పుడు. ఆ వెంటనే ఏ చప్పుడూ లేదు. కిటికీలోంచి తొంగి చూశాను. వీధి వీధంతా నా కళాఖండం చుట్టూ దూరంగా నిలబడి ఉంది. ఎవరూ దగ్గరికి పోవడం లేదు.

"ఎవురు చేసినారో గానీ గట్టిగానే చేసినారు" అన్నాడు వెల్డింగ్ షాపు సుంకన్న. "నడాన నల్ల పెనం, దాండ్లో ఎర్ర పూలు. ఇది మామూలు చేతబడి కాదప్పా."

ట్యాంకరు నడిపే బాషా తలుపు సగం తెరిచినవాడు మళ్ళీ మూసేశాడు. "అన్నా, నేను ఈడ బండి ఆపను. నాకూ పిల్లలుండారు. పక్క వీధికి పోతా."

"యాడికి పోతావు? మా నీళ్ళు పోసి పో!"

"ఆ పెనం తీసేయండి, పోస్తా."

"నువ్వే దిగి తీయి!"

"నేనేంటికి తీయల్ల? పెనం ఎవురిదో వాళ్ళే తీయల్ల!"

పెనం ఓబులమ్మది. వీధి చివర బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి ఆమెది. మా వీధిలో సగం మందికి పొద్దున పొయ్యి వెలగదు, ఆమె బండే దిక్కు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఆ పెనాన్ని మొదటి చోట పెట్టి పోయిందట. ఆ రోజు మార్కెట్ యార్డు హమాలీలకు యాభై ప్లేట్లు పదిన్నరకల్లా అందించాలి. మొదటిసారి వచ్చిన పెద్ద ఆర్డరు. బొరుగులు తడపడానికి కూడా ఇంట్లో నీటిచుక్క లేదు.

"నా పెనం ఏం పాపం చేసిందిరా సామీ! నా మింద ఎవురికి కోపం?" అంటూ ఆమె ట్యాంకరు ముందుకెళ్ళి నిలబడింది. "బాషా, నీకు దండం పెడతా, పోవద్దు. ఈ పొద్దు నేను ఉగ్గాని పెట్టకపోతే ఆ ఆర్డరు ఇంగోరికి పోతాది. మళ్ళా నన్ను పిలవరు."

"నేనేం చేద్దును పెద్దమ్మా? జరుగు" అని బాషా బండి స్టార్ట్ చేశాడు.

కిటికీ వెనక నేను ఏం చేస్తున్నానంటారా? పరదా అంచులోంచి ఒంటి కన్నుతో చూస్తున్నాను. వీధుల్లో జీవితాన్ని చూస్తానని బయల్దేరిన ధీరురాలిని, జీవితం నా గుమ్మం ముందుకొస్తే పరదా చాటుకు పోయాను. ఓబులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాక ఇక నిలబడలేకపోయాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

"చేతబడి కాదు! నేనే పెట్టినా! ఫోటో కోసం!"

వీధి నా వైపు తిరిగింది.

"ఫోటోకా?" అన్నాడు సుంకన్న. "చెప్పులూ ఇటుకలూ ఫోటో తీస్తారా పాపా?"

"అది... కళ అన్నా."

"కళనా! మా నీళ్ళ వరస నీకు కళనా?"

అప్పుడు తెలిసింది నాకు, నేను గుండ్రంగా చుట్టింది ఏమిటో. బాషా బండి ఆపాడు గానీ అసలు కష్టం అప్పుడు మొదలైంది. గుండ్రానికి మొదలేది, చివరేది?

"నా సైకిల్ సీటు మూడోది" అన్నాడు సుంకన్న.

"మూడోది మా ఇటుక!"

"ఇటుక కాదు, మా కుక్కరు మూత. నేను కండ్లారా చూసి పెట్టినా!"

చూస్తుండగానే మా వీధిలో పదకొండు ఇళ్ళు మూడో స్థానంలోకి వచ్చేశాయి. "పది నిమిషాల్లో తేల్చకపోతే నేను పోతాండా" అన్నాడు బాషా. ఓబులమ్మ రెండు డ్రమ్ముల మధ్య నిలబడి ఒకసారి ట్యాంకరునూ ఒకసారి ఎండనూ చూస్తోంది.

సరిగ్గా అప్పుడే మా నాయన వాకింగు నుంచి వచ్చాడు. సంగతి విని నన్ను చూసిన చూపుకు నేను అక్కడే ఎండిపోయాను.

"మా పాప చేసింది తప్పే. నేను ఒప్పుకుంటా" అన్నాడు గంభీరంగా. "వరస నాకు బాగా గుర్తుండాది. మొదట ఓబులమ్మ పెనం. రెండోది మా గొడుగు. ఆ తర్వాత..."

కంట్రోలర్ సార్ మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు. కొందరు తలలు కూడా ఊపారు. అక్కడితో ముగిసిపోయేది. కానీ నా పాపానికి పరిహారం దొరికిందని నాకు ఒళ్ళు పొంగింది.

"నాయనా, నువ్వు గుర్తు చేసుకోనక్కర్లే! నేను కదపకముందు మిద్దె మీంచి రెండు ఫోటోలు తీసినా. వరస మొత్తం ఉండాది!"

"వద్దులే పాపా, నాకు గుర్తుండాది గదా" అన్నాడు నాయన, కాస్త తొందరగా.

"లేదు నాయనా, సాక్ష్యం ఉంటే మేలు" అని ఫోను తీసుకెళ్ళి సుంకన్న చేతిలో పెట్టాను. నా తెలివికి జోహార్లు!

సుంకన్న మొదటి ఫోటో పెద్దది చేసి చూశాడు. మొదట ఓబులమ్మ పెనం. సైకిల్ సీటు మూడోది కాదు, పదిహేనోది. అందరూ గొల్లుమని నవ్వారు. గొడుగు రెండోది కాదు, పదిహేడోది. ఎవరూ నవ్వలేదు. సుంకన్న రెండో ఫోటోకు జరిపాడు. అందులో గొడుగు పెనం వెనకే, రెండో చోట ఉంది. గొడుగు పిడి మీద ఒక చెయ్యి ఉంది. చెయ్యి వెనక చారల లుంగీ, లుంగీ పైన బట్టతల. నేను మిద్దె మీద కళ్ళు మూసుకుని వాక్యం వెతుకుతున్నప్పుడు, ఆ తర్వాత వెలుతురు తప్ప ఇంకేమీ చూడనప్పుడు, మా నాయన కింద తన పని కానిచ్చాడన్నమాట.

వీధి నాయన వైపు చూసింది. నాయన ఆకాశం వైపు చూశాడు.

"గాలికి... జరిగింటాదిలే" అన్నాడు.

"పదిహేను ఇండ్లు దాటుకోనా సార్? అదీ చెయ్యి పట్టుకోని?"

"మోకాలు నొప్పప్పా. ఆలస్యంగా లేచినా. పదిహేడులో ఉంటే నీళ్ళు రావని..." ఆయన గొంతు చిన్నదైపోయింది. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "నువ్వు మాత్రం మూడోదని అనలేదా సుంకన్నా?"

"అన్నా సార్. నేను నోటితో చెప్పినా, మీరు చేత్తో చేసినారు."

మొదటి ఫోటో ప్రకారం వరస కట్టారు. ఓబులమ్మ డ్రమ్ములు రెండూ నిండాయి. పదిహేనో వాడైన సుంకన్న ఆఖరి బిందె పట్టుకున్నాడు. ట్యాంకరు ఖాళీ అయింది. మా ఇంటి ముందు ఖాళీ బిందెలతో నాయనా నేనూ నిలబడ్డాం, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా.

ఓబులమ్మ ఒక నిండు బిందె చంకన పెట్టుకుని మా దగ్గరికొచ్చి గడప మీద దించింది. "తాగేదానికి పెట్టుకోండి సార్. దీనికి వరస ఏం లేదులే, ఊరికే ఇస్తాండా" అని చెప్పి, బొరుగులు తడపాలని గబగబా వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఇద్దరమూ తట్టుకునేవాళ్ళం. ఆ బిందె చూసి నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాయన ఆ పూట కాఫీ కూడా అడగలేదు.

నా 'విస్మృతుల వలయం' సంగతా? ఇద్దరు చూశారు, అందులో ఒకరు మా పిన్ని. గొడుగు మీద చెయ్యి ఉన్న ఫోటో మాత్రం, నా ఫోను చేతిలో ఉన్నప్పుడే సుంకన్న తనకు పంపుకున్నాడేమో, అతని ఫోనులోంచి బయల్దేరి మధ్యాహ్నానికల్లా నాలుగు వీధులు తిరిగింది. నేను జీవితంలో తీసిన ఫోటోల్లో జనం మెచ్చింది అదొక్కటే.

కనుక, పెద్దలందరి ఎదుటా, తల వంచి, చేతులు జోడించి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఈ ఊళ్ళో ఏ చెప్పునూ, ఏ ఇటుకనూ, ఏ పెనాన్నీ దాని చోటు నుంచి వేలెడు కూడా కదపను. మళ్ళీ ఎప్పుడైనా మిద్దెక్కి వీధిని ఫోటో తీయవలసి వస్తే, ముందుగా మా నాయన ఇంట్లో ఉన్నాడో లేదో చూసుకుంటాను.