తలుపు అవతల గుడ్లగూబ

పచ్చి కొబ్బరిమట్టల వాసన తగిలితే అందరికీ పెళ్లి పందిళ్లు గుర్తొస్తాయి. నాకు వీడియో గేమ్ గుర్తొస్తుంది. మొన్న తిరుపతిలో మా అన్న ఇంటి ముందు మట్టలు దించుతున్నప్పుడూ అంతే. వాడి కూతురు పెద్దమనిషైంది, మేనత్తను గనక పోక తప్పలేదు. ఫోన్లో మాత్రం ఆ పాత ఆటను పెట్టుకునే వెళ్లాను. ఈమధ్యే దానికి రంగులు దిద్ది, ఈ కాలం వాళ్లకు ఓపిక ఉండదని తప్పు చేస్తే ఒక అడుగు వెనక్కి పోయే మీట కూడా చేర్చి, మళ్లీ విడుదల చేశారు.

మా ఊరు చిత్తూరు పక్కనే. ఎండాకాలమొస్తే ఇంటినిండా వరిగడ్డిలో మాగే మా తోట బంగినపల్లి కాయలు, వాటి మీద ముసిరే ఈగలు, ముంజలు తిన్న జిగట చేతులతోనే టీవీ ముందు కూలబడే మా అన్నా, నేనూ. టీవీకి తగిలించే ఆ గేమ్ పెట్టెను మా మేనమామ మద్రాసు నుంచి తెచ్చాడు. గుడ్లగూబ పిల్ల ఒకటి రాళ్లు తోసుకుంటూ, వెంటబడే గబ్బిలాలను వాటి కింద నలిపేస్తూ, గది తర్వాత గది దాటాలి. ఒక్క రాయి తప్పు మూలకు పోయిందా, అంతే సంగతులు, మళ్లీ మొదటి గదే. ఆడేది అన్న, చూసేది నేను. చూసీ చూసీ ఏ రాయి ఎటు తోయాలో వాడికంటే ముందు నాకే తెలిసేది. చెబితే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, నేను చెప్పినట్టే తోసేవాడు. చివరి గది మాత్రం నాకే వదులుతానని అమ్మ మీద ఒట్టేశాడు. ఆ గది చివరనుండే తలుపును నా చేత్తో తెరవాలని ప్రాణం కొట్టుకునేది.

చివరి గది వచ్చిన రోజు, వాడు రిమోట్ నా చేతిలో పెట్టబోతుండగా, మా అవ్వ నా పావడా మీద మరక చూసింది.

"దేన్నీ ముట్టుకోవాకు! లెయ్, ఈడికి రా!" అని జుట్టు పట్టి లేపింది.

గేమ్ తెచ్చిన మేనమామే ఆచారం ప్రకారం కొబ్బరిమట్టలు కోసి వసారా మూలన నాకు గుడిసె కట్టాడు. నువ్వుల చిమ్మిలి, నువ్వులనూనెలో పచ్చి గుడ్డు కుక్కి కుక్కి పెట్టారు. ఊళ్లో ఆడవాళ్లంతా బుగ్గలకు పసుపు పూసి నవ్వారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆట చప్పుడు మాత్రం లోపలి నుంచి వినిపిస్తూనే ఉంది. సాయంత్రం అన్న మట్టల సందులోంచి అడిగాడు.

"ఏమే, నల్ల రాయి యాడికి తొయ్యాల?"

"నేనొచ్చేదాకా ఆపన్నా."

"నువ్వింగ ఆడేదేంది? చెప్పు."

చెప్పాను. ఎవరు తెరిచినా సరే, ఆ తలుపు తెరుచుకుంటే చాలనిపించింది. కాసేపటికి ఎప్పుడూ వినని పాట మోగింది, అన్న కేకలేశాడు. ఏముందని అడిగితే, "ఏమీ లే. మళ్లా మొదటి గదికే వస్తాది" అన్నాడు. గుడిసెను ఊరి బయట తగలబెట్టిన తర్వాత రిమోట్ ముట్టుకున్నప్పుడల్లా అవ్వ చేతి మీద కొట్టేది. తలుపు అవతల ఏమీ లేదు కదా అనుకుని ఊరుకున్నాను. ఇన్నేళ్లూ ఆ మాటే పట్టుకుని బతికాను.

మొన్న అన్న ఇంట్లో ఒక మూల కూర్చుని, వెనక్కి పోయే మీట ముట్టకుండా, చివరి తలుపు తెరిచాను. అదే పాట. అప్పటిదాకా నేల మీద పాకిన గుడ్లగూబ పిల్ల రెక్కలు విప్పి, దాటొచ్చిన గదులన్నిటి మీదుగా ఎగిరిపోయింది.

తాంబూలాల పళ్లెంతో పోతున్న అన్నకు చూపించాను.

"అవునే, ఎగిరిపోతాది, బలే ఉంటాది" అన్నాడు. "అప్పుడే చెప్పింటే నువ్వు ఆడతానని ఏడ్చి సంపేదానివి."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అవ్వ పోయింది, మామిడితోట ప్లాట్లయింది, ముట్టుకోవద్దనేవాళ్లూ లేరు. కొత్త గుడిసెలో మేనకోడలు పట్టుపావడాతో కూర్చుని తన ఫోన్లో ఏదో ఆడుకుంటోంది, వాళ్లమ్మే చార్జర్ తెచ్చిచ్చింది. చూసి సంతోషపడాల్సింది. నాకు కడుపు మండిపోయింది.