పడమటిగాలి రోజుల్లో ఉయ్యాల

అత్తయ్యగారి పాత పెట్టె అడుగున పరిచిన పేపరులో, అంబాజీపేట దగ్గర ఆవిడ పుట్టినూరి పేరు కనిపించింది. వేసవి మధ్యాహ్నం ఒక పొయ్యిలోంచి రవ్వ లేచి, తాటాకిళ్ళ వీధి మొత్తం కాలిపోయిందట. అదృష్టం కొద్దీ ప్రాణనష్టం జరగలేదని వార్త ముగించారు.

నాకు చంటిపాప ఉంది. ఆ వీధిలోనూ పసిపిల్లలు ఉండే ఉంటారు కదా, మంటల్లోంచి వాళ్ళనెవరు బయటికి తెచ్చారో అన్న దిగులు పట్టుకుంది. ఆ వీధి కాలిపోయేనాటికి పదేళ్ళ పిల్ల అయిన అత్తయ్యగారినే అడిగాను.

"అదృష్టమేంటమ్మా. పడమటిగాలి మొదలైతే, ఎక్కడ రవ్వ ఎగురుద్దోనని పగటిపూట ఇంట్లో ఎవరూ ఉయ్యాల కట్టేవోరు కాదు. చంటిపిల్లలందరూ మావిడిచెట్ల కిందే. పేపరోళ్ళకి అదెవరు చెప్తారు?"

"మరి చీమలు కుట్టవాండీ?"

"కుడితే ఏడుస్తారు. ఏడిస్తే ఎత్తుకుంటాం."

మాది డాబా ఇల్లు. మధ్యాహ్నం గ్రిల్లుకి తాళం వేసి అందరం పడుకుంటాం. పాప ఉయ్యాల అన్నిటికంటే లోపలి గదిలో, ఏసీ కింద ఉంటుంది. అదే క్షేమమనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రోజే దాన్ని విప్పి, గ్రిల్లు బయట వరండాలో కట్టి, పక్కనే చాప వేసుకున్నాను.

"డాబా కూడా అంటుకుంటదేంటమ్మా, చదువుకున్నదానివి" అని నవ్వేరు అత్తయ్యగారు.

"కరెంటు వైర్లున్నాయి కదండీ."

"ఆయ్, ఉన్నాయిలే" అని లోపలికి వెళ్ళారు. కాసేపటికి తిరిగొచ్చి, ఉయ్యాల ముడిని రెండు చేతులతో లాగి చూసి, చాప మీద నా పక్కన కూర్చున్నారు.