తాయారు సర్దిన ఊరు

తాయారుకు ఖాళీ జాగా కంటపడితే చెయ్యి ఊరుకోదు. చింతాద్రిపేటలో ఆవిడ పెట్టే బొమ్మల కొలువు చూడటానికి పక్క వీధుల నుంచి కూడా జనం వచ్చేవారు. మెట్ల మీద రెండు బొమ్మల మధ్య బెత్తెడు సందు కనిపించినా చాలు, అక్కడొక చిలకనో ఏనుగునో ఇరికించేది. మెట్ల కింద నేల మీద కట్టే 'పార్క్' సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవాల మొలకలతో చేలు, అద్దం ముక్కతో చెరువు, కీ ఇస్తే తిరిగే రైలు, పక్కనే పప్పుల కొట్టు తెరుచుకుని కూర్చున్న చెట్టియార్ దంపతుల బొమ్మలు. కూతురు శ్రీప్రియ చిన్నప్పటి నుంచీ పక్కన చేరి ఆ మొలకలకు నీళ్ళు చల్లేది.

ఆ ఏడు కొలువు పెట్టలేదు. పురిటికి పుట్టింటికి వచ్చిన శ్రీప్రియకు నెలలు నిండాక బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. మత్తులో ఉన్న కూతురికి చూపించొద్దని నర్సుతో చెప్పింది తాయారే. చూస్తే జన్మలో మరిచిపోదని ఆవిడ భయం. కూతురు ఆసుపత్రి నుంచి వచ్చేలోగా, ముచ్చటపడి ముందే కట్టిన ఉయ్యాలను విప్పేసింది. కుట్టిన చొక్కాలు మూటగట్టి ఎవరికో ఇచ్చేసింది. ఉయ్యాల కొక్కెం బోసిగా కనిపిస్తుందని దానికి పూసల తోరణం తగిలించింది. ఇల్లంతా ఏమీ జరగనట్టు సర్దేసింది. కూతురి మేలుకే అనుకుంది, తల్లి కదా మరి!

శ్రీప్రియ గుమ్మంలో నిలబడి ఆ తోరణాన్ని చూసింది. అప్పటినుంచి తల్లితో మాటలు తగ్గించేసింది. "సరి", "వద్దు", అంతే. భర్త రాజా వారం వారం వచ్చి ఇంటికి రమ్మంటే తల అడ్డంగా ఊపేది. బిడ్డ పుట్టకముందే ఉయ్యాల కట్టిందని వీధిలో గొణుక్కున్నారు. వాళ్ళకేం, నోరు పారేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. తాయారుకు మాత్రం అన్నం సయించలేదు. కూతురి కోపం కూడా ఆ ఉయ్యాల మీదేనని ఖాయం చేసుకుంది. అడుగుదామంటే నోరు రాలేదు. పిల్ల మళ్ళీ తనతో మనసు విప్పి మాట్లాడితే చాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

డిసెంబరు దగ్గరపడుతుండగా, ఆవిడ కొలువు పేరు విని మోహన్‌రాజ్ అనే కాంట్రాక్టరు వచ్చాడు. సముద్రం రోడ్డు పక్కన ఒక మైదానంలో అతను 'క్రిస్మస్ ఊరు' పెడుతున్నాడు. పిల్లల రైలు, సబ్బు నురగతో కురిసే మంచు, ఎర్రటి ఉన్ని కోటులో చెమటలు కక్కుతూ చాక్లెట్లు పంచే క్రిస్మస్ తాత, అన్నీ ఉంటాయట. నడుమ పెద్ద బల్ల మీద ఒక బొమ్మల ఊరు కావాలి. మంచు ఊళ్ళంటే తాయారుకు ఏం తెలుసు? బిస్కెట్ డబ్బాల మీద చూసిందే. అయినా సరేనంది. కూతురినీ వెంట తీసుకొస్తానంది. గోడలు చూస్తూ కూర్చునే పిల్ల నాలుగు బొమ్మలు ముట్టుకుంటే మళ్ళీ మనిషవుతుందని ఆశ.

శ్రీప్రియ వచ్చింది. బొమ్మ ఇళ్ళ కప్పులకు దూది అతికించింది. తాయారు ఊరుకోలేక ఆ దూది మీద తన చెట్టియార్ దంపతులను కూర్చోబెట్టబోతే మోహన్‌రాజ్ లబలబలాడాడు.

"ఎన్నమ్మా ఇది? మంచులో పప్పుల కొట్టా?"

శ్రీప్రియ పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. ఆ పూటంతా తాయారు దాన్నే తలుచుకుంటూ పనిచేసింది.

గేటు తెరిచే సాయంత్రం బల్ల పక్కన నిలువెత్తు బొమ్మలతో కుడిల్ వేశారు. ఏసు పుట్టిన పశువుల పాక. మేరీమాత, జోసెఫ్, ఆవు, గొర్రెలు, అందరూ వంగి ఒక గడ్డి తొట్టిలోకి చూస్తున్నారు. తొట్టిలో ఏమీ లేదు. బిడ్డ బొమ్మ ఎక్కడో పడిపోయిందనుకుంది తాయారు. ఖాళీ ఉయ్యాల ఊపితేనే అరిష్టమంటారే, ఒక తల్లిని కూర్చోబెట్టి ఖాళీ తొట్టి చూపిస్తారా? అదీ తన కూతురి కళ్ళముందు? శ్రీప్రియ టీకి వెళ్ళింది. మోహన్‌రాజ్ గేటు దగ్గర రిబ్బను గొడవలో ఉన్నాడు. తాయారు ఇంక ఆలోచించలేదు. వెంట తెచ్చుకున్న కొలువు బొమ్మల ట్రంకుపెట్టెలోంచి ఆకు మీద పడుకున్న బాలకృష్ణుణ్ణి తీసి తొట్టిలో పడుకోబెట్టింది. మెడదాకా గుడ్డ కప్పి, నెమలి పింఛాన్ని గడ్డితో మూసింది.

గేటు తెరిచారు. పిల్లా పాపలతో జనం పడ్డారు. కాసేపటికే ఒక పిల్లవాడు తొట్టిలోకి తొంగి చూసి, "అమ్మా, కృష్ణుడు! నీలంగా ఉన్నాడు!" అని కేకపెట్టాడు. కొందరు నవ్వారు. కొందరు మొహం ముడుచుకున్నారు. ఒకాయన ఫోను పైకెత్తాడు. మోహన్‌రాజ్ పరిగెత్తుకొచ్చాడు.

"నా కడుపు కొట్టడానికే వచ్చినావామ్మా? ఇది ఫోన్లలో ఊరంతా తిరిగితే ఎవరికని జవాబు చెప్పేది నేను?"

"బిడ్డ లేకుండా ఉండె కదయ్యా. పాపం, ఆ తల్లి..." అంది తాయారు.

అక్కడ ఊడ్చే ఆరోక్యమేరి చీపురు పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. తొండియార్‌పేట మనిషి. తమిళంలో మెల్లగా చెప్పింది. "అక్కా, బిడ్డ ఎక్కడికీ పోలేదు. పండగ ముందురోజు రాత్రి మా చర్చిలో పూజ అయినాకే మేం బిడ్డను పెడతాం. అందాకా తొట్టి ఖాళీగానే ఉండాలి. ఆ ఖాళీని చూస్తానే బిడ్డ కోసం కాచుకోవాలి."

శ్రీప్రియ టీ గ్లాసుతో వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది. గ్లాసు కింద పెట్టి, కృష్ణుణ్ణి తీసి తల్లి చేతిలో పెట్టింది. మోహన్‌రాజ్ గొణుక్కుంటూ జనాన్ని రైలు వైపు తోలాడు.

"ఖాళీగానే ఉండనీమ్మా. ఎందుకు నువ్వు అన్నీ నింపేస్తావు?" అంది శ్రీప్రియ.

"నీ కంట పడకూడదనే కదమ్మా..."

"ఏది పడనిచ్చినావు నా కంట? చొక్కాలు ఇచ్చేస్తివి. కొక్కేనికి తోరణం కట్టేస్తివి. అది చూసి నాకు బిడ్డే పుట్టలేదేమో అనిపించె. నాకు చూపించొద్దనింది నువ్వేనంట. నర్సు చెప్పింది."

ఉయ్యాల ముందే కట్టిన తప్పుకైతే తాయారు ఎన్నో సమాధానాలు దాచుకుంది. కూతురు అడిగింది ఉయ్యాల గురించి కాదు. నీ మంచికేనమ్మా అనబోయి సిగ్గుపడింది. తాను మాత్రం బిడ్డను కళ్ళారా చూసింది. ఎత్తుకుంది కూడా. కన్నదానికి లేకుండా అంతా తానే ఉంచేసుకుంది.

శ్రీప్రియ తొట్టిలోకే చూస్తూ అడిగింది. "ఎట్ల ఉండె?"

"నిద్రపోతా ఉన్నట్టు..." అని ఆగిపోయింది తాయారు. అది కూడా సర్దడమే. మళ్ళీ మొదలుపెట్టింది. "నీ ముక్కే. జుట్టు దట్టంగా ఉండె. ఎడమ చెవి కొంచెం ముడుచుకోని ఉండె, మీ నాయన చెవి మాదిరి. పెదాలు నల్లబడిపోయి ఉండె."

"బరువుండెనా?"

"ఉండె తల్లీ. నా చేతులు ఇంకా మరిచిపోలా."

శ్రీప్రియ రెండు చేతులూ చాచింది. "ఎట్ల పట్టుకుంటివో చూపించు."

తాయారు బొమ్మను బల్ల మీద పెట్టేసింది. కూతురి మోచేతులు ఒంచి, ఎడమ చేతిని కాస్త పైకెత్తి, తల ఆనే చోటు సరిచేసింది. ఆ చేతుల్లో ఏమీ పెట్టలేదు.