చేతుల మీద తువ్వాలు

డెబ్బైల్లో, డిగ్రీ అయ్యాక, అంధ పిల్లలకు చదువు చెప్పే టీచర్ల శిక్షణలో చేరాను. రాయదుర్గం బండల పక్కన రేకుల షెడ్డులో తరగతి. నేర్పే సారుకూ చూపు లేదు. మేం బ్రెయిలీ చుక్కల్ని వేళ్లతో కాక కళ్లతో చదివేస్తున్నామని కనిపెట్టి, మా చేతుల మీద తువ్వాలు కప్పేవాడు.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి ఆయనతో, "వచ్చే నెల నుంచి చూపున్న మనిషిని వేస్తామండి, మీరు తప్పుకోండి" అన్నాడు.

సారు మందపాటి కాగితం మీద చుక్కలు పొడిచి అందించాడు. "గిది నా జవాబు, సాబ్."

అధికారి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, తిరగేశాడు, చివరికి నాకిచ్చాడు. సారు నా చేతుల మీద తువ్వాలు కప్పాడు. "చదువు బిడ్డా."

వేలితో తడుముతూ చదివాను: "ఈ కుర్చీ నేను వదలను."

"మల్లొకసారి చదువు," అన్నాడు సారు. "సాబ్‌కు కనబడలే గద, ఇనబడాలె."