కొల్లేరు గట్ల మీద ఫోర్ వీల్ బండి: కొనేముందు ఒక రోజు

చేపల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేయడం నా ఉద్యోగం. ఇల్లు ఏలూరులో, పని కొల్లేరు గట్ల మీద. వానాకాలంలో నా చిన్న కారు గట్టెక్కితే చాలు, అడుగుభాగం మట్టికి రాసుకుంటుంది. పోయిన నెల ఒకచోట కారు కూరుకుపోతే శాంపిల్ సీసాల పెట్టె నెత్తిన పెట్టుకుని కిలోమీటరున్నర నడిచాను. ఆ సాయంత్రమే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కోసం వాకబు మొదలుపెట్టాను. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే బషీర్ గారు తన మూడేళ్ళ డీజిల్ బండి అమ్ముతున్నారని తెలిసింది. ఫోన్ చేస్తే, మీరు రోజూ తిరిగే దారిలోనే ఒకసారి నడిపి చూడండి, నేనూ వస్తాను అన్నారు.

ఉదయం ఆరున్నరకు ఏలూరులో బస్సెక్కి ఎనిమిది కాకముందే గూడెంలో దిగాను. బండికి పక్కన రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, కాలు బాగా ఎత్తి ఎక్కాలి. అమ్మడానికి కారణం అదేనని ఆయన దాచకుండా చెప్పారు. ఆయన భార్యకు మోకాళ్ళ నొప్పులు. ఏడాదిగా ఆవిడ ఈ బండెక్కడమే మానేశారట. ఇంటిల్లిపాదీ తిరగడానికి బండి చూస్తున్నవాళ్ళు ముందు ఈ మెట్టు సంగతి చూసుకోండి.

వెయ్యి రూపాయల డీజిల్ పోయించి హైవే మీద గుండుగొలను వైపు బయల్దేరాం. ఎనభై దాకా బండి హాయిగా వెళ్ళింది. తొంభై దాటితే గాలిమోత ఎక్కువై, స్టీరింగ్ మీద పట్టు తగ్గినట్టనిపించింది. క్లచ్ బరువు. భీమడోలులో లారీల మధ్య ఆగుతూ వెళ్ళేసరికి నా ఎడమ కాలు లాగేసింది. వెనక సీటు మడిస్తే తప్ప, శాంపిల్ సీసాల కోసం వెంట తెచ్చుకున్న నా ఐస్ పెట్టె పట్టలేదు. ఎత్తులో కూర్చోవడం వల్ల దారంతా బాగా కనిపించడం మాత్రం నాకు నచ్చింది. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వస్తుందని ఆయన అన్నారు. ఆ రోజు మాకు అంత రాలేదు.

గుండుగొలనులో ఇడ్లీ తిని దక్షిణంగా చెరువుల దారి పట్టాం. ముందురోజు రాత్రి వాన పడింది. తారు రోడ్డు అయిపోయి గట్టు మొదలవగానే, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందేలా ఫోర్ వీల్ వేశాను. నల్లమట్టిలో బండి నిబ్బరంగా సాగుతుంటే నాకూ ధైర్యం పెరిగింది. మలుపు తిరిగాక ఎదురుగా ఒక ట్రాలీ ఆటో కనిపించింది. వెనక చక్రం గట్టు అంచున దిగబడి, ఆటో పక్కకు ఒరిగి ఉంది. డ్రైవర్ పేరు సూరిబాబు. ఆటోలో ఆక్సిజన్ పట్టిన పద్దెనిమిది ప్లాస్టిక్ సంచుల నిండా చేపపిల్లలు. వాటిని వదలాల్సిన చెరువు ఇంకా రెండు కిలోమీటర్లుంది. ట్రాక్టర్ కోసం ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి గానీ రాదన్నారట.

"రెండు గంటలైందండీ ఇక్కడ. ఎండెక్కితే సంచుల్లో పిల్లలు బతకవండీ," అన్నాడు సూరిబాబు.

నేను బషీర్ గారి వైపు చూశాను. బండి ఇంకా ఆయనదే. ఆయన తలూపారు. పక్కనున్న కాస్త దారిలోంచి ఆటోను దాటి ముందుకెళ్ళి, తాడు కట్టి లాగాను. ఇంజిన్‌కు బలముంది కదా అని గట్టిగా తొక్కాను. అక్కడే తప్పు చేశాను. నాలుగు చక్రాలూ ఉన్నచోటే గిర్రున తిరిగి, బండి వెనకభాగం చెరువువైపు జారింది. బ్రేకు తొక్కి ఆపాను. దిగి చూస్తే టైరుకీ నీళ్ళకీ మధ్య రెండు జానల మట్టే ఉంది.

బషీర్ గారు వంగి టైరు తడిమారు. హైవే టైర్లవి, గాడుల నిండా మట్టి పట్టి నున్నగా అయిపోయాయి.

"ఆటో సంగతి వదిలేయమ్మా. సంచుల్ని తీసుకెళ్దాం," అన్నారు.

తాడు విప్పి, మట్టిలో పట్టు దొరికేలా తాళంచెవి కొసతో టైర్లలో కొంత గాలి తీశాం. ఆయన చెప్పినట్టే లో గేరులో, యాక్సిలరేటర్ తొక్కకుండా, బండిని అంగుళమంగుళంగా గట్టు మధ్యకు తెచ్చాను. సంచులన్నీ వెనక పేర్చాం. పట్టని రెండింటిని బషీర్ గారు ఒళ్ళో పెట్టుకున్నారు. సూరిబాబు చెప్పులు విడిచి, గట్టిమట్టి ఎక్కడుందో చూపిస్తూ బండి ముందు నడిచాడు. ఆ రెండు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది.

పిల్లలు చెరువు నీటి వేడికి అలవాటుపడేలా సంచులను విప్పకుండానే తేలవేసి పావుగంట ఆగాం. విప్పాక మూడు సంచుల్లో పిల్లలు చనిపోయి ఉన్నాయి. మిగతా పదిహేనింట్లో పిల్లలు చురుగ్గా నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. సూరిబాబు మా ఇద్దరి చేతులమీదా నీళ్ళు పోసి మట్టి కడిగాడు.

ట్రాక్టర్ కోసం సూరిబాబును ఆటో దగ్గర వదిలి, తిరిగి గుండుగొలను చేరేసరికి రెండున్నర. టైర్లలో గాలి తక్కువ కాబట్టి ముప్పై దాటనివ్వలేదు. టీ తాగుతూ బండి తీసుకుంటానని చెప్పాను. టైర్లు మార్చాలి కాబట్టి ఆ మేరకు ధర తగ్గిస్తానని ఆయనే అన్నారు.

ఈ బండి అందరికీ సరిపోదు. ఊళ్ళో, హైవే మీద తిరిగేవాళ్ళకు దీని బరువు, డీజిల్ ఖర్చు దండగ. నాకు అవసరముంది, కొన్నాను. కానీ ఆ ఉదయం మమ్మల్ని నీళ్ళదాకా తీసుకెళ్ళింది బండి మీద నాకున్న ధీమా. బయటపడేసింది నెమ్మది. నడపడం వచ్చనుకున్న నేను ఆ నెమ్మదిని ఉల్లిపాయల వ్యాపారి దగ్గర నేర్చుకున్నాను. కొల్లేరు గట్లకు వెళ్ళేవాళ్ళు గాలి కొలిచే గేజీ, బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు దగ్గర ఉంచుకోండి. మట్టిలో గాలి తీయడం తేలికే. మళ్ళీ గాలి కొట్టించుకోవాలంటే గుండుగొలను దాకా షాపు లేదు.