రెండు సూదుల మీద మొదటి వరస

నా చిన్నప్పుడు ఒక స్కార్ఫ్ అల్లి మా తాతయ్య మీద పందెం గెలిచానని మా బంధువుల్లో ఒక కథ ఉంది. మా నేతవాళ్లుండే భవాని పేట్‌లో ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుంటారు. తాతయ్య కళ్లలో నీళ్లు తిరిగాయని కూడా కలుపుతారు. చెప్పేవాళ్లెవరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను. తాతయ్య ఏడవలేదు. నేను గెలిచానో లేదో ఈరోజుకీ తేలలేదు.

బతుకంతా చేతిమగ్గం మీదే గడిపిన మనిషికి మగ్గం ఎక్కనిది బట్టే కాదు. స్వెటర్లూ కోతిటోపీలూ ఆయన లెక్కలో దారపు చిక్కులు. చలికాలం పొద్దున చెవిపోటుతో మూలుగుతూ అరుగు మీద కూర్చుంటాడు గానీ, టోపీ తెచ్చిస్తే పక్కన పడేస్తాడు. నా నోరు ఊరుకుంటుందా? మగ్గం లేకుండా బట్ట చేసి చూపిస్తానన్నాను. పందెం ఇదీ: అది బట్టేనని ఆయన ఒప్పుకుంటే చలికాలమంతా దాన్ని చెవులకు చుట్టుకోవాలి. ఒప్పుకోకపోతే ఎండాకాలం సెలవులన్నీ నేను రాట్నం ముందు కూర్చుని ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టాలి.

పక్కింటి అక్క అల్లిక సూదులూ ఉన్నీ ఇచ్చి, మొదటి వరస కుట్లు దారపు ఉచ్చులుగా సూది మీదికి ఎక్కించడం ఒకసారి చూపించింది. ఇంటికొచ్చి నేను నా తెలివి వాడాను. మా ఇళ్లలో పిల్లలకు మొదట అబ్బే విద్య మగ్గం మీద తెగిన పోగు అతకడం. ముడి వేయాలి, లాగి చూడాలి, జారకూడదు. అందుకని ఒక్కో కుట్టు ఎక్కించి, పక్కనే ఒక ముడి వేసి, గట్టిగా లాగాను. నలభై కుట్లు, నలభై ముళ్లు. చూసుకుని మురిసిపోయాను. రెండో వరసకు సూది దూరదే! పొడిచీ పొడిచీ వేలికి రక్తం వచ్చింది. సూది మంచిది కాదనీ, నేర్పడం రాదనీ అక్క మీదికే పోట్లాటకు వెళ్లాను.

అక్క ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నా అల్లిక అందుకుని పకపకా నవ్వింది.

“గిదేందే పిల్లా, అల్లినవా, తాళం ఏసినవా?”

“గట్టిగ ఉండాలె గద! జారితే?”

“బీడీ గట్టిగ చుడితే పొగ వస్తదా? లోపల గాలికి జాగ ఉండాలె. గిదీ గంతే.”

ఆ ముళ్ల వరసంతా కత్తిరించి పారేసింది. రెండు సూదులు జతగా పట్టుకుని, ఆ రెండింటి మీదా కలిపి నలభై కుట్లూ కొత్తగా ఎక్కించి, ఒక సూదిని సర్రున లాగేసింది. నేను కెవ్వుమన్నాను. ఒక్క కుట్టూ జారలేదు. అన్నీ కాస్త వదులుగా, రెండో సూదికి దారి ఇచ్చి నిలబడ్డాయి.

స్కార్ఫ్ పూర్తయ్యాక తాతయ్య చేతికిచ్చాను. ఆయన దాని అంచు పట్టి లాగి వదిలాడు. అది సాగి, మళ్లీ దగ్గరికొచ్చింది. ఇంకోసారి లాగాడు. తర్వాత చెవులకు చుట్టుకున్నాడు. చలికాలమంతా తీయలేదు. సెలవులు రాగానే మాత్రం రాట్నం తెచ్చి నా ముందు పెట్టాడు.

“చుట్టుకున్నవు గద తాతా! ఓడినట్టే!”

“చలి పెట్టింది, చుట్టుకున్న. బట్ట అని అన్ననా?”

ఆ సెలవుల్లో తిట్టుకుంటూనే కండెలు చుట్టాను.

ఇప్పుడు నేనుంటున్న కుంభారిలో మా ఇంటికి అల్లిక నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు మొదటి రోజు కుట్లు బిగించి తీరుతారు. నేత ఇళ్ల పిల్లలు కదా. నేను తిట్టను, చేతికి రెండో సూది ఇస్తాను. మాట దగ్గర మాత్రం ఈ విద్య నాకు ఒంటబట్టలేదు. ఇప్పటికీ మొదటి మాటే ముడి వేసి లాగుతాను, ఎదుటివాళ్లకు దూరే దారి ఉండదు. అప్పుడప్పుడు అక్క నవ్వు గుర్తొచ్చి ఆగుతాను.

తాతయ్య పోయి చాలాకాలమైంది. ఆ చలికాలం ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడల్లా ఆయన ఆ అంచును లాగి వదులుతూ కూర్చోవడం నేను చూశాను. నేత తెలిసిన చేయి అది, ఊరికే లాగదు. నోరు ఒప్పుకోకపోతే పోనీ, ఆ చేతికి ఏమనిపించింది? బట్టేనా, కాదా?